సగటు పక్కన విస్తృతి

డిగ్రీలో మనతో పాటు స్టాటిస్టిక్స్ చదివినవాళ్ళ ఇళ్ళల్లో ఆ రికార్డు పుస్తకం ఏ అటక మీదో ఇంకా ఉండే ఉంటుంది. ఎడమవైపు తెల్లకాగితం మీద గ్రాఫు, కుడివైపు ఉద్దేశం, సూత్రం, గణన, చివర నిర్ణయం. ద్విపద (నిర్ణీత ప్రయత్నాల్లో ఎన్ని ఫలించాయో), పాయిజాన్ (అరుదైన ఘటనలు ఎన్ని జరిగాయో), నార్మల్ (గంట ఆకారపు వక్రం), ఈ మూడు విభాజనాలకూ, అంటే ఏ విలువ ఎంత తరచుగా వస్తుందో చెప్పే నమూనాలకూ, అదే వరస. ఆ వరసలో ఒక మెట్టు తక్కువని ఇన్నేళ్ళు లెక్కలు చెప్పాక గట్టిగా అనిపిస్తోంది. ఏ విభాజనం అమర్చే ముందైనా సగటు కట్టి, పక్కనే విస్తృతి (విలువలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత, వేరియన్స్) కట్టి, రెండింటినీ ఎదురెదురుగా పెట్టి చూడాలి. పాయిజాన్‌లో రెండూ సమానం. ద్విపదలో విస్తృతి సగటు కంటే తక్కువ. దత్తాంశంలో విస్తృతి సగటును బాగా మించిపోయిందంటే ఆ రెండూ పనికిరావు. సూత్రం రాయకముందే ఆ సంగతి తెలిసిపోతుంది.

పాయిజాన్‌కు పాఠాల్లో ఎప్పుడూ వచ్చేది ప్రష్యా సైన్యం లెక్క. గుర్రాలు తన్ని చనిపోయిన సైనికుల సంఖ్యను గణాంకవేత్త బోర్ట్‌కీవిచ్ 1898లో అచ్చు వేశాడు. పది దళాలు, ఇరవై ఏళ్ళు, దళానికి ఏడాదికొకటి చొప్పున మొత్తం 200 గడులు. ఒక్క చావూ లేని గడులు 109, ఒకటి ఉన్నవి 65, రెండున్నవి 22, మూడున్నవి 3, నాలుగున్నది 1. చావులు 122, సగటు 0.61. ప్రతి గడిలోని చావుల వర్గాల మొత్తం 196. దాన్ని 200తో భాగిస్తే 0.98. అందులోంచి 0.61 వర్గం 0.3721 తీసేస్తే విస్తృతి 0.6079. సగటు, విస్తృతి ఇంత దగ్గరగా కుదిరిన దత్తాంశం అరుదు. అందుకే పాఠ్యపుస్తకాలు దీన్ని వదలవు.

దీనికి పాయిజాన్ అమర్చేటప్పుడు పట్టిక మొదటి గడిలోనే తప్పు జరుగుతుంది. ఒక్క చావూ లేని సంభావ్యతకు e (సుమారు 2.718) పవర్ మైనస్ 0.61 కావాలి. కాలిక్యులేటర్ లేకుండా లాగ్ టేబుల్‌తో చేసేటప్పుడు 0.61ని e లాగ్ అయిన 0.4343తో గుణిస్తే 0.2649. ముందు మైనస్ ఉంది కాబట్టి దాన్ని బార్ 1, పాయింట్ 7351గా (మైనస్ 1 ప్లస్ 0.7351గా) మార్చాలి. 7351కి యాంటీలాగ్ చూస్తే 0.5434 వస్తుంది. బార్ మరిచి నేరుగా 0.2649కి యాంటీలాగ్ చూసినవాళ్ళకు 1.840 వస్తుంది. సంభావ్యత ఒకటి దాటకూడదని ఆ క్షణంలో గుర్తొస్తే సరే. లేకపోతే ఆ పేజీ అంతా పోయినట్టే, ఎందుకంటే తర్వాతి ప్రతి విలువా ముందుదాని మీదే ఆధారపడి ఉంటుంది: ముందు విలువను 0.61తో గుణించి వరసగా 1, 2, 3, 4తో భాగిస్తూ పోవడమే.

ఆ సంభావ్యతలను 200తో గుణిస్తే రావలసిన సంఖ్యలు 108.67, 66.29, 20.22, 4.11, 0.63. కూడితే 199.92. మిగిలిన 0.08 ఐదూ అంతకు పైబడిన చావులది. చివరి గడికి ‘నాలుగు’ అని కాక ‘నాలుగూ ఆపైన’ అని రాస్తేనే మొత్తం 200కి సరిపోతుంది. తర్వాత కై వర్గ పరీక్ష, అంటే వచ్చిన సంఖ్యలు రావలసినవాటికి ఎంత దూరంగా ఉన్నాయో చూడడం. రావలసిన సంఖ్య 5కు తగ్గిన గడులను పక్కవాటితో కలపాలి. మూడూ ఆపైన కలిపినా 4.82 మాత్రమే, కాబట్టి రెండూ ఆపైన అన్నీ కలిపెయ్యాలి: వచ్చినవి 26, రావలసినవి 25.04. కై వర్గం విలువ సుమారు 0.063. పట్టికలో ఏ వరస చూడాలో చెప్పే స్వతంత్ర స్థాయిలు ఎన్ని? గడులు మూడు, మొత్తం 200 అన్న నియమానికి ఒకటి, సగటును ఇదే దత్తాంశంలోంచి తీసుకున్నందుకు మరొకటి తీసేస్తే మిగిలేది ఒకటే. 5 శాతం దగ్గర పట్టిక విలువ 3.841; మన 0.063 దానికంటే తక్కువ కాబట్టి పాయిజాన్ కుదిరినట్టే. రెండోది తీసెయ్యడం మరిచి 5.991 రాసేవాళ్ళు తరగతికి సగం మంది ఉంటారు. ఈ లెక్కలో నిర్ణయం మారదు గనక ఆ తప్పు ఎవరి కంటా పడదు. మారే లెక్క తగిలిన రోజున నిర్ణయం తారుమారు.

దత్తాంశంలోంచి తీసిన సగటు ఎంత నమ్మదగింది? ఏ నిష్పాక్షిక అంచనాకైనా (సగటున అసలు విలువనే ఇచ్చే అంచనాకైనా) విస్తృతి ఫలానా హద్దు కంటే తగ్గదని 1945లో చూపినవారు గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావుగారు. ఆయన పుట్టిన హడగలి అప్పటి బళ్ళారి జిల్లాలోది. 1882లో మన అనంతపురం జిల్లా విడివడింది ఆ బళ్ళారి నుంచే. దత్తమండలాల మట్టిలో పుట్టిన మనిషి చెప్పిన హద్దును మన పిల్లలు సూత్రంగా బట్టీ పట్టి వదిలెయ్యకూడదు. గుర్రాల లెక్కలో ఆ హద్దు 0.61ని 200తో భాగిస్తే వచ్చేదే, 0.00305. దాని వర్గమూలం 0.055. మామూలు సగటు సరిగ్గా ఆ హద్దునే అందుకుంటుంది, అంతకంటే మంచి నిష్పాక్షిక అంచనా దొరకదు.

ద్విపదకు నాణెం ఎగరేయాల్సిన పని లేదు. చెనిక్కాయ విత్తనం మొలక చూసే తడి గోనెసంచి చాలు. వరుసకు పది గింజలు, పది వరుసలు పేర్చి, సంచి చుట్టి నీడన పెడతారు. ధ్రువీకరించిన వేరుశనగ విత్తనానికి కనీస మొలక 70 శాతం. వరుసకు సగటు 7, విస్తృతి 10 × 0.7 × 0.3, అంటే 2.1. పట్టికను మొలిచిన గింజల వైపు నుంచి మొదలుపెడితే మొదటి గడి 0.3 పదో ఘాతం. నాలుగు దశాంశాలకు సరిచేస్తే అది సున్నా. సున్నాను దేనితో గుణించినా సున్నానే కాబట్టి పట్టిక అంతా సున్నాలతో నిండుతుంది. మొలవని గింజలు లెక్కబెడితే మొదటి గడి 0.7 పదో ఘాతం, 0.0282. అక్కడి నుంచి 0.1211, 0.2335, 0.2668, 0.2001 అని సాఫీగా సాగుతుంది.

పది గింజలే వేసి చూసే రైతుకు ఈ పట్టిక చెప్పేది చాలా ఉంది. నిజంగా 70 శాతం మొలిచే విత్తనమే అయినా పదింట నాలుగో అంతకు తక్కువో మొలిచే అవకాశం 0.0473. సగమే మొలిచే నాసిరకం విత్తనం ఏడో ఆపైనో మొలిచి మంచిదనిపించుకునే అవకాశం 0.1719. అంటే ఆరింట ఒకసారి మోసపోతాడు. నూరు గింజలు వేస్తే ఆ నాసిరకం 70 దాటడం దాదాపు అసాధ్యం.

ద్విపదకు షరతులు రెండు: ప్రతి గింజకూ మొలిచే అవకాశం ఒకటే ఉండాలి, ఒక గింజ ఫలితం ఇంకోదాన్ని తాకకూడదు. ఇక సంచిలోనే ఆ షరతులు ఎలా తప్పుతాయో చూడాలి. పది వరుసల్లో ఐదు 90 శాతం మొలిచే మూట నుంచి, ఐదు 50 శాతం మూట నుంచి వేశామనుకుందాం. సగటు మళ్ళీ 7 వస్తుంది. విస్తృతి మాత్రం 2.1 కాదు: వరుసల లోపలిది 1.7, వరుసల మధ్యది 4, మొత్తం 5.7. అవే గింజలను ప్రతి వరుసలోనూ ఐదేసి చొప్పున కలిపి వేస్తే సగటు మారదు గానీ విస్తృతి 1.7కి పడిపోతుంది, ద్విపద చెప్పినదాని కంటే కూడా తక్కువ. సగటు ఒక్కటే చూసినవాడికి మూడు సంచులూ ఒకటే. బూజు సంగతి వేరు. తడిలో ఒక గింజకు పట్టిన బూజు పక్కగింజకు పాకుతుంది, స్వతంత్రత పోతుంది, విస్తృతి పెరుగుతుంది. గింజల మధ్య ఎడం ఉంచమనడం వ్యవసాయ సలహా మాత్రమే కాదు, ద్విపద షరతు కూడా.

నార్మల్ దగ్గర ఎక్కువ ఆగను. పట్టిక రెండు రకాలని తెలిస్తే సగం తప్పులు పోతాయి: జెడ్ (సగటు నుంచి ఎన్ని క్రమ విచలనాల దూరమో; క్రమ విచలనమంటే విస్తృతి వర్గమూలం) 1.5కి ఒకదాంట్లో సగటు నుంచి కొలిచిన 0.4332, ఇంకోదాంట్లో ఎడమ చివర నుంచి కొలిచిన 0.9332. పట్టిక పైనున్న బొమ్మలో ఏ భాగం నల్లగా నింపారో ముందు చూడాలి. ఇంకోటి, అర సవరణ: పూర్ణ సంఖ్యల లెక్కకు నార్మల్ వాడేటప్పుడు హద్దును అర జరపడం. నూరు నాణేల్లో 60 లేదా అంతకు మించి బొమ్మలు పడే సంభావ్యతకు 60 బదులు 59.5 పెడితే 0.0287, 60 పెడితే 0.0228. అసలు విలువ 0.0284. ఆ అర ఎంత పని చేస్తుందో చూడండి.

వర్షం దగ్గరికొస్తే మూడూ చేతులెత్తేస్తాయి. రోజుకు 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితే అది వర్షపు రోజు. నెలకు ఇలాంటి రోజులెన్నో లెక్కబెట్టి పాయిజాన్ అమర్చితే విస్తృతి సగటును మించుతుంది, ఎందుకంటే ముసురు పట్టిందంటే వరసగా మూడు నాళ్ళు వదలదు. రోజువారీ వర్షానికి నార్మల్ అసలే కుదరదు. అనంతపురానికి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, రోజుకు సగటున ఒకటిన్నర. క్రమ విచలనం సగటుకు మూడింతలనుకుంటే, నార్మల్ ప్రకారం 37 శాతం రోజుల్లో వర్షం సున్నా కంటే తక్కువ పడాలి! అందుకే వాన లేని రోజులను విడిగా తీసి, చినుకు పడిన రోజుల కొలతకు గామా విభాజనం (సున్నా నుంచి మొదలై కుడికి తోకలా సాగేది) అమర్చుతారు. దాని ఆకార పరామితికి (వక్రం రూపు నిర్ణయించే సంఖ్యకు) సగటు వర్గాన్ని విస్తృతితో భాగించాలి, స్కేలు పరామితికి విస్తృతిని సగటుతో. ఉదాహరణకు సగటు 12, విస్తృతి 180 అయితే ఆకారం 0.8, స్కేలు 15. ఆకారం ఒకటికి తగ్గితే వక్రం సున్నా పక్కనే నిటారుగా మొదలై కిందికి జారుతుంది: తుంపర రోజులు బోలెడు, చెరువు నింపే రోజులు వేళ్ళ మీద లెక్కబెట్టేటన్ని.