తమిళ్ నోట్సులోకి ఎక్కిన కింది బెర్తు

లైటు తీసేసి పడుకున్నాను కానీ నిద్ర రాలేదు. లేచి వచ్చి ఇక్కడ కూర్చున్నా.

బళ్లు తెరిచి వారం కూడా కాలేదు, అప్పుడే వ్యాసాలు. సెలవుల్లో వెళ్లొచ్చిన ఊరి గురించి ఒకటిన్నర పేజీ రాసుకు రమ్మందట పెద్దదాని తమిళ్ మిస్. నాకు తమిళం మాట్లాడ్డం వచ్చు, బస్సు బోర్డులు కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతకు మించి రాదని మీకు తెలిసిందే. అందుకని అది రాసింది వాళ్ల నాన్నకి చదివి వినిపిస్తుంటే, నేను వంటింట్లో దోసెల పిండి రుబ్బుకుంటూ ఓ చెవి అటు వేశాను. గ్రైండర్ చప్పుడులో సగం వినపడలేదు. తాజ్‌మహల్ అన్నది ఒకసారి వినపడింది. అమ్మా అమ్మా అని చాలాసార్లు వినపడింది. మధ్యలో ‘సండై’ అన్న మాట తగిలింది. గొడవ అని ఆ మాత్రం తెలుసు. గ్రైండర్ ఆపేశాను.

"ఏం రాశావే?" అంటే మళ్లీ మొదట్నుంచీ చదివి, తెలుగులో చెప్పింది. రైలుకి పేజీ పైగా. ఆగ్రాకి నాలుగు లైన్లు, అందులో రెండు ఎండ గురించి. ఢిల్లీకి ఒకే ఒక్క వాక్యం, మెట్రో బాగుందని. మన చెన్నైలో మెట్రో లేనట్టు! ఇక ఆ పేజీ నిండా ఏముందయ్యా అంటే, మా అమ్మ రైల్లో ఒక అంకుల్‌తో గొడవ పడింది, అమ్మ హిందీ విని అందరూ నవ్వారు, ఆఖరికి అమ్మే గెలిచింది, ఆ టైముకి నాన్న పైన నిద్రపోతున్నాడు. ఇదీ వరస.

శుక్రవారం తాజ్‌మహల్ మూసేస్తారని తెలుసుకుని, దానికి తగ్గట్టు తేదీలు కుదుర్చుకుని, మే నెల ఎండలో ఆ పాలరాతి మీద పిల్లల్ని నడిపించింది ఇందుకా? రేపు ఆ మిస్ దీన్ని క్లాసులో చదివిస్తే? పేరెంట్స్ మీటింగులో నన్ను చూసి "ఓహో, ఆ అమ్మ మీరేనా" అంటే?

"అది కొట్టేసి తాజ్‌మహల్ గురించి రాయి" అన్నాను. "అది అందరూ రాస్తారు" అంది. జవాబు లేదు నా దగ్గర.

అసలు ఆ గొడవ ఎందుకొచ్చిందో మీకు చెప్పలేదు కదా. ఊరి నుంచి వచ్చాక ఫోటోలు పెట్టి ఊరుకున్నాను. మొదలు టికెట్ల దగ్గరే. ఈయన అందరికీ కలిపి ఒకే పీఎన్నార్ మీద తీశారు. పెద్దవాళ్లకి కింది బెర్తు కోటా ఒకటుంది. 60 దాటిన మగవాళ్లు, 45 దాటిన ఆడవాళ్లు ఒక్కరుగానో, అలాంటివాళ్లే ఇద్దరు కలిసో టికెట్ తీసుకుంటేనే అది వర్తిస్తుంది. మంద మొత్తాన్ని ఒకే టికెట్ మీదకి ఎక్కిస్తే ఆ కోటా పోయినట్టే. ఖాళీ ఉంటే దానంతటదే ఇస్తుందని ఈయన నమ్మకం. ఇవ్వలేదు. మోకాళ్లు పట్టేసిన అత్తయ్యకి మిడిల్, ఎదురు మిడిల్ పెద్దదానికి, సైడ్ అప్పర్ ఈయనకి, అప్పర్ నాకు.

మరి చిన్నోడికో? వాడికి మార్చిలో ఐదు నిండాయి, టికెట్ కొనాల్సిందే. హాఫ్ టికెట్ తీసుకుంటే బెర్తు ఇవ్వరు, బెర్తు కావాలంటే ఫుల్ ఛార్జీ కట్టాలి. 2016 ఏప్రిల్ నుంచి ఇదే రూలు. మా చిన్నప్పుడు అర టికెట్‌కి కూడా పూర్తి బెర్తు వచ్చేది. "వాడు ఎలాగూ నీ పక్కనే కదా పడుకునేది" అని ఈయన హాఫ్ తీసేశారు. నా పక్కన అంటే అప్పర్ బెర్తు మీద. రెండు రాత్రులూ వాడి మోకాలు నా డొక్కలో.

ఇక కింది బెర్తాయన. చెన్నై సెంట్రల్లో ఎక్కీ ఎక్కగానే కాగితం కవరు చింపి దుప్పట్లు బయటికి తీశాడు. ఒకటి పరిచి, నాలుగు మూలలా అరచేత్తో ముడతలు లేకుండా సాపు చేసి, రెండోది గడ్డం దాకా లాక్కుని, చెప్పులు కాలితో బెర్తు కిందికి తోసి, గోడ వైపు తిరిగాడు. బండి ఇంకా పక్క స్టేషన్ బేసిన్ బ్రిడ్జి కూడా దాటలేదు! అటు ఈయనేమో పిల్లల్ని నిలబెట్టి, ఈ జీటీ, అంటే మేమెక్కిన గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్, 1929లో పెషావర్ నుంచి మంగళూరు దాకా 104 గంటలు నడిచేదని పాఠం మొదలుపెట్టారు. నిలబెట్టి అని ఎందుకన్నానంటే, కూర్చునే చోటు లేదు. ఎదురు బెర్తు తాతగారు ఓ మూల అత్తయ్యకి ఇచ్చారు. మిగతా మేమంతా సామాన్ల మధ్య నిలువుకాళ్ల మీద.

ముందు మర్యాదగానే అడిగాను, అత్తయ్యకి బెర్తు మార్చుకుంటారా అని. కుదరదన్నాడు. సరే, పోనీ పిల్లలు కాసేపు కూర్చుంటారు, కాళ్లు కొంచెం ముడుచుకోండి అన్నాను. ఈ బెర్తు నాది, డబ్బులు పెట్టి కొనుక్కున్నాను అన్నాడు. మేం దొంగతనంగా ఎక్కామా? అప్పుడు వచ్చింది నా హిందీ. "దస్ బజే తక్ సబ్ లోగ్ బైఠేగా, రూల్ హై!" పదింటిదాకా అందరూ కూర్చుంటారు, రూలుంది అని. తప్పో ఒప్పో, విషయం మాత్రం నిజం. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకానే పడక. మిగతా టైములో మిడిల్, అప్పర్ వాళ్లకి కూడా కింద కూర్చునే హక్కుంది. ఇదివరకు తొమ్మిదికే పడుకోవచ్చనేవారు, 2017లో పది చేశారు. ఒంట్లో బాగాలేనివాళ్లకీ, గర్భిణులకీ మినహాయింపు. ఆయన ఈ రెండిట్లో ఏదీ కాదని చూస్తేనే తెలుస్తోంది.

సరిగ్గా ఆ సమయానికి అత్తయ్య లేచి, "పోనీలేమ్మా, నేనే ఎక్కుతాను" అని నిచ్చెన మీద ఓ కాలు పెట్టారు. బోగీ మొత్తం నా వైపు చూసింది, కోడలు ముసలావిణ్ణి పైకి ఎక్కిస్తోందని! నాకు ఆ పెద్దమనిషి మీద కంటే ఎక్కువ కోపం అప్పుడే వచ్చింది. పాఠం పూర్తిచేసుకున్న ఈయన అప్పటికే సైడ్ అప్పర్ మీద, చెవుల్లో ఇయర్‌ఫోన్లు.

చివరికి ఆయన కాళ్లు ముడిస్తే జానెడు చోటు దొరికింది. చిన్నోడు అందులో కూర్చుని పావుగంటలో నిద్రపోయాడు. అమ్మే గెలిచింది అని పెద్దది రాసింది ఆ జానెడు గురించి. అత్తయ్య సమస్య తీర్చింది సైడ్ లోయర్‌లో ఉన్న కాలేజీ పిల్ల. ఎవరూ అడక్కుండానే తన బెర్తు ఇచ్చి మిడిల్ ఎక్కేసింది. వ్యాసంలో ఆ పిల్ల లేదు.

మా అమ్మయితే ఇదంతా ఐదు నిమిషాల్లో తేల్చేది. నాన్నకి ఎల్టీసీ, అంటే ఆఫీసువాళ్లిచ్చే ప్రయాణ ఖర్చు, వచ్చిన ఏడాది చీరాల నుంచి కాశీ వెళ్లాం, విజయవాడలో బండి మారి. స్లీపర్ క్లాసు, కిటికీకి తడి తువ్వాలు కట్టి, మరచెంబులో నీళ్లు. బల్హార్షా దాటాక వడగాలికి ఆ తువ్వాలు అప్పడంలా ఎండిపోయేది, అమ్మ మళ్లీ తడిపేది. మాతోపాటు ఒక జవాను ఉండేవాడు, సెలవు అయిపోయి తిరిగి వెళ్తున్నాడు. నల్ల ట్రంకు పెట్టె, దాని మీద తెల్ల రంగుతో పేరూ నంబరూ. దాన్ని రెండు బెర్తుల మధ్య అడ్డంగా పెట్టుకుని, ఎవరూ కాళ్లు చాపడానికి లేకుండా చేశాడు. నాన్న అప్పుడే మొహం మాడ్చుకున్నారు. అమ్మ మాత్రం మాట్లాడకుండా క్యారియర్ విప్పింది. పై గిన్నెలో పులిహోర, దాని కింద ఆవకాయ అన్నం ముద్దలు, అట్టడుగున సున్నుండలు. మాకు కాదు, ముందు అతనికి పెట్టింది, విస్తరాకు ముక్కలో. అతనికి తెలుగు రాదు, అమ్మకి హిందీ రాదు. రెండుసార్లు పెట్టించుకుని తిన్నాడు. తిన్నాక ట్రంకుని నిలువుగా జరిపి, మా హోల్డాల్ దాని మీద పరిచి, తమ్ముణ్ణీ నన్నూ చూపించి పడుకోమని సైగ చేశాడు. రెండు బెర్తుల మధ్య మాకో మూడో బెర్తు తయారైంది. ఆ రాత్రంతా పక్కకి తిరిగినప్పుడల్లా ట్రంకు గొళ్లెం నా నడుముకి గుచ్చుకుంటూనే ఉంది. అయినా అంత దర్జాగా నేను ఏ బండిలోనూ పడుకోలేదు.

చోటు అడిగే ముందు చెయ్యి తడపాలి, అది అమ్మ లెక్క. నేను రూలుతో మొదలుపెట్టాను, ఆవిడ పులిహోరతో మొదలుపెట్టేది. ఈ మాట రాసి కాసేపు ఆగాను, అంత మంచిగా ఏమీ లేదు లెండి. ఆ జవాను దిగిపోయేదాకా అమ్మ తెలుగులో సణుగుతూనే ఉంది, వాడి బూట్ల కంపు గురించి. పైగా దారి పొడుగునా అందరికీ వడ్డించి, తను గిన్నె అడుగున మిగిలిన పోపు మెతుకులు తిన్నది. నాకు ఆ పద్ధతి వద్దు. పులిహోర పెట్టకుండానే కాళ్లు ముడుచుకోవాలి మనుషులు. అందుకేగా రూలు పెట్టింది.

ఇక బెర్తు మార్చనన్నందుకు మాత్రం ఇప్పుడు ఆ కింది బెర్తాయన మీద కోపం లేదు. కింది బెర్తు కోసం ఆయనా పొద్దున్నే ఎనిమిదింటికి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంటాడు. మా ఆయన ఒకే పీఎన్నార్ మీద తీసిన దానికి ఆయన ఎందుకు పైకి ఎక్కాలి? కూర్చోనివ్వకపోవడం వేరు. దానికి మాత్రం రేపు కనపడినా అదే హిందీలో అదే మాట అంటాను.

ఇంతకీ ఇవాళ గొడవ నాతో ఆగలేదు. పెద్దది చదవడం అయ్యాక నేను నవ్వేసి, సరే ఉండనీ అన్నాను. అప్పుడు మొదలుపెట్టారు ఈయన. "నేను నిద్రపోలేదు, పాడ్‌కాస్ట్ వింటున్నాను. ఆ వాక్యం తీసెయ్." "కళ్లు మూసుకున్నావు నాన్నా." "కళ్లు మూసుకుని వింటారు." అరగంట నడిచింది. అంతసేపూ అమ్మ గొడవ గురించి తండ్రీ కూతుళ్లిద్దరికీ ఒక్క అభ్యంతరం లేదు, గమనించారా. వ్యాసం పెన్నుతో రాసింది, కొట్టేస్తే మార్కులు పోతాయట. అలాగే వెళ్తుంది రేపు.

నర్మద దాటాక సొరంగాలొచ్చినప్పుడు పిల్లలిద్దరూ చేసిన అల్లరి కూడా అందులో ఉండాల్సింది. అద్దానికి ముక్కులు ఆనించి, చీకటి పడినప్పుడల్లా కేకలు, పక్క వరస బెర్తుల్లో పిల్లలు కూడా వీళ్లతో కలిసి. కిందాయన నాగపూర్‌లో దిగిపోయాడు కాబట్టి ఆ కిటికీ మాదే. బాగుంది ఆ సాయంత్రం. దాని గురించి రాయడానికి ఎక్కువేం లేదు.

దసరాకి పూరీ అనుకుంటున్నాం, ఈసారి అమ్మ కూడా వస్తానంటోంది. రిజర్వేషన్ ఇదివరకు 120 రోజుల ముందు తెరిచేవారు, 2024 నవంబర్ నుంచి 60 రోజులే. అంటే ఆగస్టు దాకా టైముంది. ఈసారి టికెట్లు నేనే తీస్తాను. అమ్మనీ అత్తయ్యనీ విడిగా ఒక పీఎన్నార్ మీద వేస్తే కింది బెర్తులు ఇద్దరికీ కోటాలో దొరికే అవకాశం ఉంది. మేం నలుగురం వేరే టికెట్ మీద, చిన్నోడికి ఈసారి ఫుల్. చిక్కల్లా ఒక్కటే. ఆ కింది బెర్తులు ఎదురెదురుగా వచ్చాయనుకోండి, మేమేమో వేరే బోగీలో ఉన్నామనుకోండి, వియ్యపురాళ్లిద్దరూ పూరీ దాకా మాట్లాడుకుంటూ వెళ్తారు, అదీ నా గురించి. ఈయనకి చెప్తే నవ్వడం మొదలుపెట్టారు, ఇంకా ఆపలేదు.