ఖాళీ బ్యారన్‌లో ఆల్టో శాక్సోఫోన్: సోలో కోసం ఆరు నెలల సాధన

మే నెలాఖర్లో మా టంగుటూరులో ఒక పెళ్ళి రిసెప్షన్‌కి ఆర్కెస్ట్రా వాళ్ళు నన్ను శాక్సోఫోన్ వాయించడానికి పిలిచారు. ఒక పాత మెలోడీ మధ్యలో పదహారు బార్లు (బారంటే నాలుగు దెబ్బలు) సోలోగా నీకు తోచినట్టు వాయించుకో అన్నారు. వాయించాను. స్కేల్లో లేని స్వరం ఒక్కటీ పడలేదు. అయినా సామాన్లు ఆటో ఎక్కిస్తా తబలా ఆయన అన్నాడు: "స్వరాలు బాగానే ఉన్నాయి అబ్బాయ్. ఎక్కడ వాలతావో తెలీక నేనే చూస్తా కూర్చున్నా."

ఆ రాత్రి రికార్డింగ్ పెట్టుకుని విన్నా. ఆయన మాట నిజం. పైకెక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. నాలుగు చోట్ల ఆగాను, నాలుగూ ఊపిరి అయిపోయి ఆగినవే. మాట పూర్తయిందని ఆగిన చోటు లేదు. జూన్ ఒకటి నుంచి నోట్‌బుక్ పెట్టి రోజూ రాస్తున్నా. అందులోంచి, ఇదే దారిలో ఉన్నవాళ్ళకి పనికొస్తాయనిపించినవి ఇక్కడ పెడుతున్నా.

ముందు నా దగ్గరున్న సరంజామా. సెకండ్ హ్యాండ్ ఆల్టో శాక్సోఫోన్, మూడేళ్ళ కింద 19,000కి కొన్నది. రీడు (ఊదితే అదిరే సన్నటి పలక) రెండున్నర నంబరు. ఫోన్లో శ్రుతి బాక్స్, దెబ్బలు కొట్టే మెట్రోనోమ్, కార్డులు (పాట కింద కలిపి మోగే స్వరాల గుంపులు) వాయించి పెట్టే ఐరియల్ ప్రో అనే యాప్. మందుల షాపు ఎనిమిదికి తీయాలి కాబట్టి పొద్దున అయిదున్నర నుంచి ఆరు నలభై అయిదు దాకా నాది. మా వీధిలో గోడకి గోడ ఆనుకుని ఇళ్ళు, పక్కింట్లో పసిబిడ్డ. శాక్సోఫోన్‌ని మెల్లగా వాయించడం అంత తేలిక కాదు. అందుకని మా మేనమామ పొగాకు బ్యారన్ (పచ్చాకుని వేడితో ఆరబెట్టే కొట్టు) తాళం చెవి అడిగి తీసుకున్నా. ఆకు కాల్చే రోజులు అయిపోయాక మళ్ళీ సీజను దాకా అది ఖాళీ.

అమెరికాలో టెనర్ శాక్సోఫోన్ వాయించే సానీ రోలిన్స్ అప్పటికే పెద్ద పేరున్న మనిషి. ఇరుగుపొరుగుకి ఇబ్బంది అని 1959 నుంచి 1961 దాకా న్యూయార్క్‌లో విలియమ్స్‌బర్గ్ వంతెన మీదికెళ్ళి గంటలకొద్దీ సాధన చేశాడు. పేరొచ్చాక కూడా కచేరీలు ఆపుకుని మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకోడానికి వెళ్ళాడు చూడండి, బ్యారన్ తలుపు తీసే ప్రతి పొద్దునా అది తలుచుకుంటా.

జూన్ 3

ఈ రోజంతా లెక్కే. ఆల్టో ఇ ఫ్లాట్ వాయిద్యం. నేను సి స్వరానికి వేళ్ళు పెడితే బయటికి వినపడేది ఇ ఫ్లాట్, మన లెక్కలో రెండున్నర శ్రుతి. కీబోర్డు ఆయన ఏ కీ (పాటకి ఆధార స్వరం) చెబితే దానికి మూడు అర మెట్లు కిందికి రావాలి: ఆయన సి అంటే నాకు ఏ, ఆయన ఎఫ్ అంటే నాకు డి. ఇన్నాళ్ళూ ఒక్కో పాటకీ వెతుక్కుంటా వచ్చాను. పన్నెండు కీలకీ పట్టిక రాసి కేసు మూత లోపల అంటించా. అరగంట పని, మూడేళ్ళుగా చెయ్యలేదు.

జూన్ 19

మే నెల సోలోలో తప్పు ఎక్కడుందో ఇవాళ దొరికింది. ఆ పాట రెండున్నరలోనే. నా వేళ్ళ లెక్కలో కార్డులు సి, ఏ మైనర్, ఎఫ్, జి, ఒక్కోటి రెండు బార్లు. అది రెండుసార్లు తిరిగితే పదహారు. నేను మోహన రాగం స్వరాలతో వాయించాను: స రి గ ప ద, అంటే సి డి ఇ జి ఏ. ప్రతి వాక్యం చివరా షడ్జమం (స) మీద కూర్చున్నా. సి కార్డు మీద షడ్జమం దాని మూలమే. మూలం నుంచి లెక్కపెడితే ఏ మైనర్‌కి అది మూడో స్వరం, ఎఫ్‌కి అయిదోది. మూడింటి మీదా హాయిగా ఉంటుంది. నాలుగోది జి. అందులో బి ఉంది, అంటే నిషాదం. దాని పక్కన సి పట్టుకుని సాగదీస్తే రెండూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి. నేను రెండుసార్లూ సరిగ్గా ఆ జి మీదే షడ్జమాన్ని పొడుగ్గా లాగాను. తప్పు స్వరం కాదు, తప్పు చోట వాలింది. రాగం చూసుకున్నా, కింద ఏ కార్డు నడుస్తుందో చూసుకోలేదు.

అందుకని వాలే స్వరాలు మాత్రమే వాయించడం మొదలెట్టా. సి మీద ఇ, ఏ మైనర్ మీద సి, ఎఫ్ మీద ఏ. ఒక్కో కార్డుకి దాని మూడో స్వరం ఒక్కటే, రెండు బార్లూ నిలకడగా. జి దగ్గర దాని మూడోదైన బి మోహనంలో లేదు, కాబట్టి పంచమమో రిషభమో. నిమిషానికి 60 దెబ్బల దగ్గర పది రోజులు ఇదే. విసుగొస్తుంది. కానీ ఎనిమిదో రోజుకి కార్డు మారబోతుందని చెవికి ముందే తెలియడం మొదలైంది.

జులై 7

కరవది దగ్గర పల్లెలో ఒక నాదస్వరం మాస్టారు ఉన్నారు. డెబ్బై దాటాయి, గుళ్ళో వాయిద్యం ఇంకా మానలేదు. ఒంగోలు దాకా బస్సు, అక్కడ్నుంచి ఆటో. ఆ కరవది నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా గారు పుట్టిన ఊరు. 1924లో అక్కడ పుట్టి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారాయన. ఇక్కడ నాదస్వరం పట్టుకున్నవాళ్ళు ఆయన పేరు చెప్పేటప్పుడు గొంతు మారిపోతుంది.

శాక్సోఫోన్ నేర్చుకోడానికి నాదస్వరం ఆయన దగ్గరికెందుకు అని షాపు పక్కనాయన అడిగాడు. కద్రి గోపాల్‌నాథ్ గారి నాన్నగారు నాదస్వర విద్వాంసులే. మైసూరు ప్యాలెస్ బ్యాండులో శాక్సోఫోన్ విని మనసు పడి, దాంట్లో గమకాలు (స్వరాన్ని ఊపి, జార్చి పలకడం) పలికేలా వాయిద్యంలో మార్పులు చేసుకుని, కచేరీ వేదిక మీదికి తెచ్చారు గోపాల్‌నాథ్ గారు. ఊపిరితో పలికే వాయిద్యానికి ఊపిరి తెలిసిన గురువు కావాలి. వాక్యం ఎంత పొడుగుండాలో, ఎక్కడ విరవాలో నాదస్వరం వాళ్ళకి తెలిసినట్టు ఇంకొకళ్ళకి తెలీదని నా నమ్మకం.

మాస్టారు నేను వాయించింది రెండు నిమిషాలు విన్నారు. చెయ్యెత్తి ఆపమన్నారు.

"దాన్ని పెట్టెలో పెట్టు నాయనా. పాడు."

"నాకు పాడటం రాదు మాస్టారూ."

"రానిది వేళ్ళకెట్టా వస్తది? నోటికి రాకుండా నువ్వు వాయించిందంతా వేళ్ళ అలవాటు. అది నువ్వు కాదు."

మూడు స్వరాలిచ్చారు: గ, ప, ద. నెల రోజులు వీటితోనే. మోకాలి మీద ఆది తాళం వేస్తా ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) ఆయన పాడతారు, తర్వాతి ఆవర్తనం నేను జవాబు పాడాలి. పాడింది కుదిరితేనే వాయిద్యం తీయాలి. మొదటి గంటలో వాయిద్యం రెండేసార్లు పెట్టెలోంచి బయటికొచ్చింది. మూడోసారి నేను "గప గా" అని పాడి తర్వాత ఏం చెయ్యాలో తోచక ఊరుకుండిపోయాను. తాళం సాగుతూనే ఉంది. సమం, అంటే తాళం మళ్ళీ మొదలయ్యే దెబ్బ, వచ్చింది. మాస్టారు మోకాలి మీద అరచెయ్యి ఆనించి, "ఇదీ. ఇందాకట్నుంచీ నువ్వు పలికిన మొదటి మాట ఇదీ" అన్నారు. మిగిలిన ఆవర్తనం అంతా నిశ్శబ్దమే. ఆ నిశ్శబ్దంలో నేను పాడిన రెండు స్వరాలు నాకే మళ్ళీ వినపడ్డాయి.

జులై 28

మూడు స్వరాల నెల అయిపోవచ్చింది. పొద్దున సాధన ఇలా కుదిరింది: పదిహేను నిమిషాలు పొడుగు స్వరాలు, శ్రుతి పెట్టుకుని. ఇరవై నిమిషాలు పాడి-వాయించడం, ఒక ఆవర్తనం నోటితో, ఒకటి వాయిద్యంతో. మిగతాది కార్డుల మీద. చివరి అయిదు నిమిషాలు ఏ నియమం లేకుండా, రికార్డు చేస్తా. రోజూ మధ్యాహ్నం షాపులో జనం పలచబడ్డాక ఆ అయిదు నిమిషాలూ విని, నచ్చిన ఒక్క ముక్క స్వరాలు నోట్‌బుక్‌లో రాస్తా. ఇప్పటికి 31 ముక్కలు. అందులో చిన్నవే బాగున్నాయి, నాలుగు స్వరాలు, అయిదు స్వరాలు.

ఆగస్టు 11

షడ్జమం నుంచి పై రిషభానికి ఎక్కే చోటు నన్ను మొదట్నుంచీ ఏడిపిస్తుంది. మధ్య సికి ఎడమచేతి నడిమి వేలు ఒక్కటే. డికి ఆరు వేళ్ళూ దిగాలి, పైగా ఎడమ బొటనవేలితో ఆక్టేవ్ కీ (పై స్థాయి పలికించే మీట). ఒక్క వేలున్న చోట ఒక్కసారిగా ఏడు. ఏ ఒక్క వేలు ఆలస్యమైనా మధ్యలో పిల్లి కూత లాంటిది వస్తుంది. మోహనంలో ద స రి అనే ప్రతిసారీ ఈ గుమ్మం దాటాల్సిందే. నాకు పనిచేసింది ఇది: స పట్టుకున్నప్పుడే కుడిచేతి మూడు వేళ్ళూ మూసేసి ఉంచడం. సి స్వరం పెద్దగా మారదు, రికి వెళ్ళేటప్పుడు దిగాల్సిన వేళ్ళు సగానికి తగ్గాయి. శ్రుతి కొంచెం కదులుతుంది, పొడుగ్గా పట్టుకునే సికి వాడొద్దు. వేగంగా దాటేటప్పుడు బాగుంటుంది.

జారుడు కూడా వేళ్ళలోనే ఉంది. డి నుంచి ఇకి, అంటే రి నుంచి గకి వెళ్ళాలంటే కుడిచేతి ఉంగరం వేలు ఒక్కటే లేవాలి. దాన్ని టక్కున ఎత్తకుండా మీట మీంచి నిదానంగా వదుల్తా, కింది పెదవి పిసరంత సడలించి మళ్ళీ బిగిస్తే రిషభం గాంధారంలోకి కరుగుతుంది. కుదిరిన రోజు ఆ ఒక్క జారుడే పావుగంట వాయించుకుంటా కూర్చున్నా.

ఆగస్టు 18

మాస్టారి దగ్గర వాలడం. ఆది తాళం ఎనిమిది దెబ్బలు, దెబ్బకి నాలుగు అక్షరాలు, మొత్తం 32. అయిదో దెబ్బ దగ్గర ద్రుతాలు (తాళంలో రెండేసి దెబ్బల భాగాలు) మొదలవుతాయి, అక్కడ్నుంచి సమానికి 16 అక్షరాలు మిగులుతాయి. ఒక్క అక్షరం వదిలేసి "తదిగిణతొం" మూడుసార్లు: అయిదు మూళ్ళు పదిహేను, ఒకటి కలిపితే పదహారు. మూడో "తొం" అవ్వగానే సమం. ఆ అయిదక్షరాల్లో గ ప ద ప గ పెట్టు, ప ద స ద ప పెట్టు, నీ ఇష్టం.

బ్యారన్‌కొచ్చి ఇదే కార్డుల ట్రాక్ మీద వేసి చూశా. నాలుగు దెబ్బల బార్లు రెండు కలిపితే ఒక ఆది తాళం ఆవర్తనమే కదా. రెండో బారు మొదట ఒక్క అక్షరం ఆగి తదిగిణతొం మూడుసార్లు వాయిస్తే, వాలేది సరిగ్గా కార్డు మారే దెబ్బ మీద. అక్కడ ఆ కొత్త కార్డు మూడో స్వరం పడితే! జూన్ నుంచి చేసిన వాలే స్వరాల సాధనా, మాస్టారి లెక్కా ఒకే చోటికొచ్చాయి. 66 దెబ్బల దగ్గర మొదలెట్టి పదిరోజుల్లో 84కి వచ్చా. రోలిన్స్ సోలోల్లోనూ చిన్న ముక్క ఒకటి పట్టుకుని దాన్నే తిప్పి, విరిచి, పెంచుతా వెళ్ళడం కనిపిస్తుంది.

సెప్టెంబరు 11

చవితి పందిట్లో మళ్ళీ అదే ఆర్కెస్ట్రా, అదే పాట, అదే పదహారు బార్లు. ముందే నిర్ణయించుకున్నా: ఒక్క ముక్కే, "గప గా". మొదటి రెండు బార్లలో అది పలికి ఆగాను. ఏ మైనర్ మీద అదే ముక్క, చివర స. ఎఫ్ మీద దాన్ని సాగదీసి ద. జి మీద ప దగ్గర ఆగి, ఇంకేమీ వాయించలేదు. రెండో తిరుగుడులో పై స్థాయికెళ్ళా. రి దగ్గర గుమ్మం తట్టింది, చిన్న కూత ఒకటి వినపడింది. ఆపకుండా ముక్క పూర్తిచేశా. చివరి రెండు బార్లలో తదిగిణతొం మొదలవగానే తబలా ఆయనకి ఎక్కడ వాలబోతున్నానో తెలిసిపోయింది. మూడోదానికి ఆయనా నాతోపాటే వచ్చి సమం మీద కలిశాడు. దిగాక ఏమీ అనలేదు, భుజం మీద చెయ్యేసి టీ దగ్గరికి తీసుకెళ్ళాడు.

అక్టోబరు 17

రెండ్రోజులుగా ముసురు. జి షార్ప్ మీట అంటుకుపోయి నొక్కినా తెరుచుకోవట్లా. ప్యాడ్ (రంధ్రాన్ని మూసే మెత్త) కింద పలచటి కాగితం పెట్టి, మెల్లగా మూసి కాసేపుంచి తీస్తే తేమా జిగురూ దాంతో వచ్చేస్తాయి. మూసి ఉండగా లాగొద్దు, ప్యాడ్ చిరుగుతుంది. రీడ్లు నాలుగు పెట్టుకుని రోజుకొకటి మారుస్తున్నా, వాయించాక తుడిచి ఆరబెట్టాకే డబ్బాలో పెడతా. ఈ వానల్లో తడిగా మూసిపెడితే బూజే.

వాన వల్ల బ్యారన్‌కి వెళ్ళలేక ఇవాళ మధ్యాహ్నం షాపు వెనక గదిలో, మందుల అట్టపెట్టెల మధ్య పదినిమిషాలు వాయించి రికార్డు చేశా. విని దిగులేసింది. బ్యారన్ ఎత్తుగా, ఖాళీగా ఉంటుంది. గోడలు స్వరాన్ని పట్టుకుని కాసేపు మోగిస్తాయి, సగంలో తెగిన స్వరం కూడా నిండుగా వినపడుతుంది. ఈ గదిలో అట్టపెట్టెలు అన్నీ పీల్చేశాయి, నా వాక్యాల చివర్లు బయటపడ్డాయి. చివరి స్వరానికి ఊపిరి మిగల్చట్లేదు నేను. బ్యారన్ మీద నాకు చాలా ప్రేమ, కానీ ఇన్నాళ్ళూ అది నా లోపాన్ని దాచిపెట్టింది. ఇకనుంచి సాధన అక్కడ, వారానికోసారి రికార్డింగ్ ఇక్కడ.

నవంబరు 10

ముక్కలు 112 అయ్యాయి. మాస్టారు నాలుగో స్వరం ఇచ్చి, అయిదోది ఇచ్చి, ఇప్పుడు హిందోళ రాగం మొదలెట్టారు. స గ మ ద ని, అన్నీ శుద్ధ మధ్యమం దగ్గరికి లాగుతాయి. మైనర్ కార్డుల మీద దీన్ని ఎట్టా వాల్చాలో ఇంకా తేల్లేదు. సి మైనర్ మీద గాంధారం బాగుంది, ఎఫ్ మైనర్ మీద ధైవతం. వాక్యం చివర ఊపిరి కోసం ఒక నియమం పెట్టుకున్నా: నాలుగు దెబ్బలు వాయిస్తే, చివరి స్వరం ఇంకో రెండు దెబ్బలు నిలబడాలి. వెనక గది రికార్డింగుల్లో పోయిన వారానికీ ఈ వారానికీ తేడా తెలుస్తా ఉంది.

మామయ్య పొలంలో నాట్లు అయిపోయాయి. సంక్రాంతి దాటితే బ్యారన్ వెలిగిస్తారు, తాళం చెవి తిరిగిచ్చెయ్యాలి. ఆలోపు హిందోళంలో తదిగిణతొం 84 దెబ్బల దగ్గరికి తీసుకురావాలి, రోజుకి ఇరవై నిమిషాల చొప్పున.