స్టాంపు లేని సంతకం: నా పోస్టల్ బ్యాలెట్ అనుభవం

2024 ఎన్నికల కౌంటింగ్ అయి రెండ్రోజులైంది, ఎవరు గెలిచారు ఎవరు ఓడారు అని అందరూ మాట్లాడుకుంటుంటే నాకు మాత్రం ఇంకా నా కవరు గొడవే. మొన్న మే 13న ఓపీవోగా, అంటే బూత్‌లో ప్రిసైడింగ్ ఆఫీసర్ కింద పనిచేసే పోలింగ్ ఆఫీసర్‌గా డ్యూటీ చేసిన టీచర్ని నేను. ఉద్యోగం ఒక జిల్లాలో, ఓటు మా అమ్మ ఉండే ఊళ్ళో, మధ్యలో రెండు బస్సులు మారాలి. ఆంధ్రప్రదేశ్ మొత్తానికి, 175 అసెంబ్లీలకీ 25 పార్లమెంటు సీట్లకీ ఒకే రోజు పోలింగ్ కాబట్టి డ్యూటీలో ఉన్నవాళ్ళం మన ఊరెళ్ళి బటన్ నొక్కే వీలు లేదు. డ్యూటీ పడిన చోటే ఓటు కూడా ఉంటే ఈడీసీ (ఎలక్షన్ డ్యూటీ సర్టిఫికెట్) ఇస్తారు, అక్కడి బూత్‌లోనే వేసెయ్యొచ్చు. నాలాంటి వాళ్ళకి పోస్టల్ బ్యాలెట్టే గతి.

పోస్టల్ బ్యాలెట్ కోసం పెట్టుకునే దరఖాస్తు, ఫారం 12, మొదటి ట్రైనింగ్ రోజే ఇచ్చేశా. ఓటర్ కార్డు జిరాక్స్, డ్యూటీ ఆర్డర్ జిరాక్స్ పిన్ను కొట్టి ఇస్తే తీసుకున్నారు, అంతే.

ఇక్కడ పాతది ఒకటి చెప్పాలి. 2019లో బ్యాలెట్ పోస్టులో ఇంటికొచ్చింది, తీరిగ్గా కాఫీ తాగి టిక్కు పెట్టి, మా హెడ్మాస్టర్ గారితో అటెస్టేషన్ చేయించి పంపేశా. 2023లో రూల్ మార్చారు, ఇప్పుడు డ్యూటీవాళ్ళు ఫెసిలిటేషన్ సెంటర్‌కి వెళ్ళి అక్కడే వేసి అక్కడే పెట్టెలో పడెయ్యాలి. ఇంటికి బ్యాలెట్ వస్తే ఎవరో ఒకరు డబ్బులిచ్చి చూపించమంటారు కదా, అందుకని. మంచిదే, కాదనను. కానీ ఏ సెంటర్‌కి వెళ్ళాలో ముందు చెప్పాలి కదా! పనిచేసే చోటికే వస్తుందని ఒకరు, కాదు ఓటున్న నియోజకవర్గానికే వెళ్ళాలని ఇంకొకరు. యూనియన్ వాళ్ళు గ్రూపులో పొద్దున్నించి రాత్రిదాకా మెసేజ్‌లు పెట్టారు గానీ ఒక్కరూ సెంటర్ దగ్గర కనపడలేదు, అది నేను మర్చిపోను.

పనిచేసే చోట సెంటర్‌లో గంటన్నర నిలబడ్డాక 'మీది ఇక్కడ కాదు మేడమ్, మీ సొంత సెగ్మెంట్‌కి వెళ్ళండి' అన్నారు. సరే అని మర్నాడు తెల్లవారుజామున బస్సెక్కి పది దాటాక దిగా. ఎండ అప్పటికే మాడ్చేస్తోంది, షామియానా కింద రెండే ఫ్యాన్లు, అవి కూడా ఆఫీసర్ల వైపుకి. పోలీసులు, అంగన్వాడీ వాళ్ళు, లైన్‌మెన్లు, మా టీచర్లు, అందరం ఒకే క్యూ.

నా వంతొచ్చింది. లిస్టు తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. 'మీ పేరు పక్కన పీబీ అని ఉంది, బ్యాలెట్ ఇష్యూ అయినట్టే, కానీ ఇక్కడ లేదు.' అంటే ఏంటి బాబూ అన్నా. అంటే ఏంటో నాకు తెలుసు, ఎన్నిసార్లు బూత్‌లో కూర్చున్నా! మార్క్‌డ్ కాపీలో, అంటే బూత్‌కిచ్చే ఓటర్ల లిస్టులో, పేరు పక్కన పీబీ (పోస్టల్ బ్యాలెట్) అని పడితే ఇంక బూత్‌కి వెళ్ళినా మిషన్ మీద వేయనివ్వరు. బ్యాలెట్టేమో కనపడదు. రెండు వైపులా తలుపు వేసేశారన్నమాట.

అప్పుడు పక్క టేబుల్ దగ్గరున్న ఆఫీసర్ గారు, నాకంటే చిన్నవాడే, తల కూడా ఎత్తకుండా అందరికీ వినపడేలా అన్నాడు: 'వీళ్ళకి ఫారం నింపడమే రాదండీ, పిల్లలకేం చెప్తారో.' క్యూలో కొందరు నవ్వారు. అందులో నాకు తెలిసిన మొహాలు కూడా ఉన్నాయి, నా దగ్గర ఆరేడేళ్ళ కింద పది చదివిన కుర్రాడు కానిస్టేబుల్ డ్రెస్‌లో మూడో మనిషిగా నిలబడి ఉన్నాడు. వాడు నవ్వలేదు, నేల చూశాడు. అది ఇంకా ఎక్కువ గుచ్చింది నాకు. 1999లో బ్యాలెట్ పెట్టెలకి లక్క సీలు వేసిన చేతులివి, అప్పటినించి పిలిచిన ప్రతి ఎలక్షన్‌కీ వెళ్ళా, ఒక్కసారి కూడా మా బూత్ లెక్క తేడా రాలేదు. ఇవన్నీ అక్కడ చెప్పాలనుకున్నా, గొంతు పెగల్లేదు. బ్యాగ్‌లోంచి ఫారం 12 జిరాక్స్ తీసి టేబుల్ మీద పెట్టా. ఓటర్ల లిస్టులో నా పార్ట్ నంబర్, సీరియల్ నంబర్, నా దస్తూరి, అచ్చు పోసినట్టుంటుంది. ఆయన చూడనేలేదు, 'పక్కన నిలబడండమ్మా' అన్నాడు. మేడమ్ కాస్తా అమ్మా అయిపోయింది.

పక్కన నిలబడ్డా. రెండు గంటలు. నా వెనకాల వచ్చినవాళ్ళు వేసి వెళ్ళిపోతున్నారు. చివరికి సచివాలయం నించి వేసిన ఒక అమ్మాయి, భోజనం డబ్బా కూడా తెరవకుండా, 'మేడమ్, ఆ జిరాక్స్ ఒకసారి ఇవ్వండి' అని తీసుకుని కట్టలన్నీ విప్పింది. నాది పార్ట్ 47. కవరు మీద 74 అని రాసి ఆ కట్టలో పడేశారు. ఫారం నింపడం రానిది ఎవరికో మరి! ఆయన టీ తాగడానికి లేచి వెళ్ళాడు, సారీ లేదు ఏం లేదు. అందుకే చెప్తున్నా, ఏ ఆఫీసులో ఏ కాగితం ఇచ్చినా జిరాక్స్ దగ్గరుంచుకోండి, నవ్వేవాళ్ళని నవ్వుకోనివ్వండి.

ఇంక ఓటు. తెల్లది పార్లమెంటుకి, గులాబీది అసెంబ్లీకి. టిక్కు పెట్టి మడిచి చిన్న కవర్లో పెట్టి, ఆ కవరు మీద బ్యాలెట్ సీరియల్ నంబర్ వేయాలి, అదే నంబర్ 13ఏ డిక్లరేషన్ (ఈ ఓటు నాదే అని సంతకం పెట్టి ఇచ్చే కాగితం) మీద కూడా వేయాలి, రెంటికీ తేడా వస్తే కౌంటింగ్‌లో లోపలి కవరు తెరవకుండానే పక్కన పెట్టేస్తారు. డిక్లరేషన్ బయట ఉండాలి, అంటే పెద్ద కవర్లో, చిన్న కవర్లో కాదు. ఇదంతా రెండుసార్లు, రెండు సెట్లు. నా పక్కన ఒక సారు పేపర్లు దిద్దే అలవాటు కొద్దీ బ్యాలెట్ కింద సంతకం పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపినంత పనిచేశా, సంతకం పడితే ఓటు చెల్లదు మరి. గమ్ము డబ్బాలో గమ్ము అడుక్కి ఎండిపోయి ఉంది, బ్రష్షు చీపురుపుల్లలా ఉంది, మంచినీళ్ళు రెండు చుక్కలు పోసి వేలితో రాసి అంటించాం. మీరు వెళ్తే గ్లూ స్టిక్ తీసుకెళ్ళండి, ఎవరు ఏమన్నా అననీ.

డిక్లరేషన్ మీద గజిటెడ్ ఆఫీసర్ అక్కడే సంతకం చేస్తారు. ఆయన చెయ్యి నొప్పెట్టి ఉంటుంది పాపం, గీత గీసినట్టు గీసి ఇచ్చారు. స్టాంపు? 'అవసరం లేదండీ, నెక్స్ట్.' పెట్టెలో వేసి వచ్చేశా.

మే నెలాఖరుకి మొదలైంది అసలు కథ. స్టాంపు లేని డిక్లరేషన్లు చెల్లుతాయా చెల్లవా అని టీవీలో ఒకటే రచ్చ. సెంటర్‌లో పెట్టిన అటెస్టింగ్ ఆఫీసర్ సంతకం ఉంటే చాలు, సీలు లేకపోయినా పర్లేదని ఎలక్షన్ కమిషన్ చెప్పింది, దానిమీద హైకోర్టుకి, అక్కణ్ణించి సుప్రీంకోర్టుకి కూడా వెళ్ళారు, కౌంటింగ్ ముందురోజు దాకా తేలలేదు. చివరికి కమిషన్ మాటే నిలబడింది. పార్టీల గొడవ పార్టీలది. నాకు మాత్రం ఆ రెండు గంటలు, ఆ నవ్వులు, అన్నీ ఒక రబ్బరు స్టాంపు లేక గంగలో కలిసిపోతాయేమో అని నిద్ర పట్టలేదు.

జూన్ 4 పొద్దున 8కి పోస్టల్ బ్యాలెట్లు మొదలెట్టారు, మిషన్లు అరగంట తర్వాత. టీవీ ముందు కూర్చున్నా. చెల్లని ఓట్లు ఇన్ని అని నంబరు చెప్తారు గానీ, ఎవరివో ఎవరికీ చెప్పరు కదా.

సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది. అమ్మకి 87. ముందే ఫారం 12డీ ఇచ్చాం, 85 దాటితే ఇంటికే వస్తారు కదా, ఒక రోజు టీము, పోలీసు, వీడియో తీసే అబ్బాయి వచ్చి మంచం పక్కన అట్టపెట్టె అడ్డం పెట్టి పావుగంటలో వేయించుకుని వెళ్ళారు.

'నీ ఓటు లెక్కలోకి వచ్చిందా?' అంది.

'వచ్చే ఉంటుందిలే అమ్మా.'

'నాదైతే వచ్చుంటుంది, వీడియో తీశారుగా' అంది.