హిస్టరీకి ఏ గైడ్?

మేలో మా అమ్మాయికి ఏపీ యూఎస్ హిస్టరీ పరీక్ష (ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అమెరికా హైస్కూల్లో చదివే కాలేజీ స్థాయి కోర్సు). గైడ్ కోసం పుస్తకాల షాపులో ఇద్దరం నేల మీదే కూర్చుని ఒక్కోటీ తిరగేశాం. సిలబస్ 1491 నుంచి ఇప్పటిదాకా, తొమ్మిది పీరియడ్లు. లావుపాటి గైడ్లు చదువుతూ పోతే సివిల్ వార్ దాటేసరికే ఏప్రిల్ వచ్చేస్తుంది.

నేను చూసింది ఒకటే, డీబీక్యూ (డాక్యుమెంట్ బేస్డ్ క్వశ్చన్) ఎలా నేర్పుతున్నారని. ఏడు డాక్యుమెంట్లిచ్చి గంటలో వ్యాసం రాయమంటారు, స్కోరులో 25 శాతం దానిదే. ఒక గైడు "డాక్యుమెంట్లు వాడండి" అని ఒక్క ముక్కతో సరిపెట్టింది. ఇంకోటి ఒక పాత ఉత్తరం ఇచ్చి, రాసిందెవరు, ఎవరికి, ఏం ఆశించి అని మార్జిన్‌లో బాణాలు గీసి మరీ చూపించింది. సన్నగా ఉన్నా అదే కొన్నాం. (మా రోజుల్లో హిస్టరీ అంటే తారీఖులు బట్టీ కొట్టడమేగా!)

ప్రాక్టీసుకి మాత్రం డబ్బు పెట్టక్కర్లేదు. ఈ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డ్ సైట్‌లో పాత వ్యాస ప్రశ్నలు, పిల్లల జవాబులు, మార్కులెందుకు వేశారో, ఎందుకు కోశారో అన్నీ ఉచితం. తక్కువ మార్కులొచ్చినవి చదవడమంటే దీనికి భలే సరదా. "నాన్నా, వీడు అసలు థీసిస్సే రాయలేదు చూడు!" (థీసిస్ అంటే ఇక్కడ వ్యాసంలోని ప్రధాన వాదన.)