ఐదొందల యెన్ల సినిమా

కిందటి నెల యోకొహామాలో ఒక పాత సామాన్ల కొట్లో, ‘జంక్’ అని రాసిపెట్టిన అట్టపెట్టె అడుగున ఒక 8 ఎం.ఎం. రీలు దొరికింది. 500 యెన్లు. డబ్బా మీద పేరు లేదు, పెన్సిల్‌తో 1979 అని మాత్రం ఉంది. మా ఆవిడ చూసి, "ఈసారి ఎవరి పెళ్ళి?" అంది.

పెళ్ళి కాదు. హైస్కూలు కుర్రాళ్ళు తీసుకున్న దొంగా పోలీసూ కథ, మూకీ. సొంత డబ్బుతో, ఎవరూ అడక్కుండా తీసుకునే ఇలాంటి సినిమాల్ని ఇక్కడ ‘జిషు ఎయిగా’ అంటారు.

ఇందులో ఒక షాటుంది. ఒకే కుర్రాడు బల్లకి అటు దొంగ, ఇటు పోలీసు. మనకి డబుల్ యాక్షన్ కొత్తా? కానీ వీళ్ళకి ల్యాబ్ లేదు. ఉన్నదల్లా ఫుజీ కంపెనీ 8 ఎం.ఎం. ఫిల్మ్ కార్ట్రిడ్జ్, సింగిల్-8. 1965లో వచ్చిన ఆ కార్ట్రిడ్జ్‌లో ఫిల్మ్ విప్పే చుట్ట, చుట్టుకునే చుట్ట వేరువేరుగా ఉంటాయి. అందుకని వీలున్న కెమెరాలో ఫిల్మ్‌ని వెనక్కి తిప్పొచ్చు. లెన్సుకి సగం నల్ల కాగితం అడ్డం పెట్టి దొంగని తీసి, వెనక్కి తిప్పి, రెండో సగం మూసి పోలీసుని తీసి ఉంటారు. రెండోసారికి ఎవరి కాలో ట్రైపాడ్‌కి తగిలినట్టుంది, పోలీసు వెనక గోడ కాస్త కిందికి జారింది. ఆ మధ్య గీత కోసమే మళ్ళీ మళ్ళీ వేసుకుని చూశాను.

50 అడుగుల కార్ట్రిడ్జ్ సెకనుకి 18 ఫ్రేముల వేగంతో 3 నిమిషాల 20 సెకన్లలో అయిపోతుంది. దొంగకి నవ్వాగకపోయినా ఆ షాటు తీసెయ్యలేదంటే ఎందుకో ఊహించుకోవచ్చు.

1977లో మొదలైన పియా ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఇలాంటివి చాలానే పోటీపడ్డాయి. తర్వాత పెద్ద దర్శకుడైన షిన్యా సుకమోతో 1988లో అక్కడ గ్రాండ్ ప్రైజ్ గెలిచింది 8 ఎం.ఎం. సినిమాతోనే. 2016లో బెర్లిన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఆ తరం సినిమాలు కొన్ని వేశారు కూడా. పేరొచ్చినవాళ్ళ రీళ్ళు ఎవరో ఒకరు కాపాడతారు. నాకు పేరు లేనివే కావాలి.

ఇది రివర్సల్ ఫిల్మ్, నెగెటివ్ ఉండదు. ఆ రోజు కెమెరాలో తిరిగిన ఫిల్మే నా చేతిలో ఉంది. ఒక అతుకు టేపు కింద ఎవరిదో వేలిముద్ర కూడా ఉంది.

ఉండేది. నాలుగోసారి ప్రొజెక్టర్లో వేసినప్పుడు ఎండిపోయిన ఆ టేపే ఊడింది. ఫిల్మ్‌కి ఏం కాలేదు, పాలియెస్టర్ గట్టిది. కొత్త టేపు వేశాను. పాత ముక్కని కాగితంలో మడిచి డబ్బాలోనే పెట్టాను. మా ఆవిడకి ఇంకా చూపించలేదు.