ఆ ఫోను ఇప్పుడెక్కడుంది?

కొన్నేళ్ల క్రితం విశాఖపట్నంలోని వాణిజ్య వివాదాల ప్రత్యేక న్యాయస్థానంలో నా క్లయింటు బోనులో నిలబడి ఉండగా, అవతలి పక్షపు సీనియరు న్యాయవాది చేతిలోని కాగితాలు బల్ల మీద పెట్టి, చాలా మామూలుగా ఒక ప్రశ్న వేశారు. "డ్రైవరు మీకు వాయిస్ మెసేజీలు పంపాడంటున్నారు కదా, ఆ ఫోను ఇప్పుడెక్కడుంది?" నా క్లయింటు ఏ సంకోచమూ లేకుండా, "పాతదయిపోనాదండి, అంతా తుడిచేసి మా బావమరిదికిచ్చేసినాను" అన్నాడు. ఎప్పుడిచ్చారని అడిగితే, లాయరు నోటీసు పంపిన మరుసటి నెలలోనని అంతే అమాయకంగా చెప్పాడు. ఆ నోటీసును రాసి, సంతకం పెట్టి, రిజిస్టరు పోస్టులో పంపినవాణ్ణి నేనే. ఫోను జాగ్రత్త అని అతనికి ఒక్క మాట చెప్పనివాణ్ణీ నేనే.

వివాదం చెప్పుకోదగ్గంత పెద్దదేమీ కాదు. షీలానగర్‌లో నాలుగు రీఫర్ లారీలు (సరుకును చల్లగా ఉంచే లారీలు) పెట్టుకున్న నా క్లయింటు, గడ్డకట్టించిన రొయ్యలను ఒక శుద్ధి కర్మాగారం నుంచి పోర్టు దగ్గరి యార్డుకు చేరవేసేవారు. ఆ సరుకు మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. ఒక రాత్రి ఒక లోడు యార్డుకు చేరేసరికి పెట్టెలు మెత్తబడి కనిపించాయి. డీజిలు మిగుల్చుకోవడానికి డ్రైవరు దారిలో శీతల యంత్రాన్ని ఆపేశాడని కర్మాగారం వారు ఆరోపించి, కొన్ని నెలల కిరాయి బిల్లులు నిలిపివేశారు. లోడు ఎక్కించేటప్పుడు వాళ్లే లారీ తలుపులను గంటకు పైగా బార్లా తెరిచి ఉంచారని, డ్రైవరు మొత్తుకున్నా వినిపించుకోలేదని మేమన్నాము. మేము బిల్లుల కోసం దావా వేశాము. వాళ్లు సరుకు నష్టానికి ఎదురు దావా వేశారు.

ఆ రాత్రి ఏం జరిగిందో పక్షపాతం లేకుండా చెప్పగలిగినవి మూడే ఉన్నాయి: లారీలోని ఉష్ణోగ్రతను ఎప్పటికప్పుడు నమోదు చేసే లాగర్, డ్రైవరు పంపిన వాయిస్ మెసేజీలు, కర్మాగారం గేటు దగ్గరి సీసీ కెమెరా. విచారణ మొదలయ్యేనాటికి మూడింటిలో ఒక్కటీ మిగలలేదు. లాగర్‌లో చోటు నిండిపోయినప్పుడు అది అన్నిటికంటే పాత రీడింగుల మీద కొత్తవి రాసుకుంటూ పోతుంది. ఆ లారీ రోజూ తిరుగుతూనే ఉంది కనుక ఆ రాత్రి లెక్క ఎప్పుడో చెరిగిపోయింది. కెమెరా దృశ్యాలు 15 రోజులకు వాటంతటవే పోతాయని కర్మాగారం మేనేజరు సాక్ష్యమిచ్చాడు. ఫోను సంగతి చెప్పనే చెప్పాను. దేన్నీ ఎవరూ కుట్ర పన్ని చెరపలేదు. కాగితాన్ని పారేయాలంటే మనిషి పూనుకోవాలి. ఇవి చెరిగిపోకుండా ఉండాలంటే పూనుకోవాలి. మా వృత్తిలో చాలామందికి, నాతో సహా, ఈ తేడా ఆలస్యంగా అర్థమయింది.

తీర్పులో బిల్లుల సొమ్ము మాకు రావలసిందేనని తేలింది. కానీ అందులోంచి చెడిన సరుకు విలువలో పెద్ద భాగాన్ని మినహాయించారు. అందుకు చెప్పిన కారణం ఒక్క పేరాలో ఉంది: నోటీసు పంపిన తరువాత కూడా వాది తన దగ్గరున్న మెసేజీలను కాపాడుకోలేదు గనుక, అవి బయటికి వచ్చి ఉంటే అతనికి వ్యతిరేకంగానే ఉండేవని భావించవలసి వస్తున్నదని. మా వాడుకలో అడ్వర్స్ ఇన్ఫరెన్స్ అనేది ఇదే. 1872 నాటి సాక్ష్య చట్టంలో 114వ సెక్షను కింద (జి) ఉదాహరణగా ఉన్న ఆ సూత్రం, 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 119వ సెక్షను కిందికి మారింది. ఒకరు చూపించగలిగి ఉండీ చూపించని సాక్ష్యం, చూపించి ఉంటే వారికే ప్రతికూలంగా ఉండేదని న్యాయస్థానం ఊహించవచ్చునన్నది దాని సారం. ఊహించవచ్చును అన్నారే గాని, ఊహించి తీరాలనలేదు.

నేను ఆ "చూపించగలిగి ఉండీ" అన్న మాటను పట్టుకునే వాదించాను. మెసేజీలు అసలు లేనే లేవు, లేనిదాన్ని ఎవరూ చూపించలేరు, దాచిపెట్టినవాడికి వర్తించే సూత్రం పోగొట్టుకున్నవాడికి వర్తించదు అని. న్యాయమూర్తి ఓపికగా విని, "ఉంచుకుని ఉంటే చూపించగలిగేవారే కదా" అన్నారు. ఆ వాక్యానికి బదులు ఆనాడూ దొరకలేదు. అది పూర్తిగా సరైనదని మాత్రం ఈనాటికీ అనుకోను. దాచడం వేరు, కాల్చేయడం వేరు, పారేసుకోవడం వేరు. మన సూత్రం మూడింటినీ ఒకే త్రాసులో వేసి, తూకాన్ని న్యాయమూర్తి విచక్షణకు వదిలేసింది.

సుప్రీంకోర్టు 2015 జనవరిలో తొమాసో బ్రూనో కేసులో ఇదే సూత్రాన్ని ఉపయోగించింది. వారణాసి హోటలు గదిలో జరిగిన మరణానికి సంబంధించిన ఆ కేసులో, హోటలులో సీసీ కెమెరాలున్నా ప్రాసిక్యూషన్ ఆ దృశ్యాలను కోర్టు ముందుకు తేలేదు. అది ప్రాసిక్యూషన్‌కు ప్రతికూలంగా పరిణమించి, నిందితులు ఇద్దరూ విడుదలయ్యారు. ఆ తీర్పులో, ఎలక్ట్రానిక్ రికార్డులకు ధ్రువపత్రం కోరే పాత సాక్ష్య చట్టపు 65బి సెక్షను గురించి అన్న మాట సరికాదని 2020లో అర్జున్ పండిట్‌రావ్ ఖోత్కర్ తీర్పు తేల్చింది గనుక, దాన్ని ఉదహరించే యువ న్యాయవాదులు ఏ భాగాన్ని ఉదహరిస్తున్నారో చూసుకోవాలి. అక్కడ రాజ్యం మీద వచ్చిన ఊహ, ఇక్కడ నాలుగు లారీల యజమాని మీద వచ్చింది.

నిజానికి మన చట్టాల్లో శిక్షలు లేవనడానికి వీల్లేదు. సాక్ష్యంగా రాకుండా చేయాలన్న ఉద్దేశంతో పత్రాన్ని గాని ఎలక్ట్రానిక్ రికార్డును గాని నాశనం చేస్తే, భారతీయ న్యాయ సంహిత 241వ సెక్షను కింద మూడేళ్ల వరకు జైలు ఉంటుంది. పత్రాలు చూపమన్న ఉత్తర్వును ధిక్కరిస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 11వ ఆర్డరు 21వ రూలు కింద వాది దావాను కొట్టివేయవచ్చు, ప్రతివాది వాదనను తొలగించవచ్చు. 2015 వాణిజ్య న్యాయస్థానాల చట్టం, మూడు లక్షల రూపాయలకు తగ్గని వాణిజ్య వ్యాజ్యాల్లో, ఎలక్ట్రానిక్ రికార్డులతో సహా తమ అధీనంలో ఉన్న పత్రాలన్నిటినీ మొదటే వెల్లడించాలని, దావా ముగిసేదాకా ఆ బాధ్యత కొనసాగుతుందని చెప్పింది. కావాలని గాని అజాగ్రత్తతో గాని వెల్లడించనివారి మీద భారీ ఖర్చులు వేయవచ్చునన్నది. ఇవన్నీ "ఉన్నది చూపించు" అనే ఆజ్ఞలే. గొడవ వచ్చేలా ఉన్నదని తెలిసిన రోజు నుంచి దావా వేసే రోజు దాకా, సాధారణంగా ఏడాదో రెండేళ్లో పట్టే ఆ కాలంలో "చెరపకు" అని ఒక లారీ యజమానికి స్పష్టంగా చెప్పే వాక్యం వీటిలో లేదు. జీఎస్టీ లెక్కల పుస్తకాలను వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు ఉంచాలని ఆయన ఆడిటరు చెప్పాడు, ఆయన ఉంచాడు కూడా. పోలీసు స్టేషన్ల కెమెరా దృశ్యాలను 18 నెలలు, వీలుకాకపోతే కనీసం ఏడాది ఉంచాలని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ఆదేశించింది. ఫోనులోని మెసేజీలకు అలాంటి అంకె ఏదీ లేదు.

ఈ విషయంలో అమెరికా వారు ఎక్కువ దూరం నడిచారు, నడుస్తూ దెబ్బలూ తిన్నారు. న్యూయార్క్‌లో లారా జుబులేక్ అనే ఉద్యోగిని తాను పనిచేసిన బ్యాంకు యూబీఎస్ వార్‌బర్గ్ మీద వేసిన లింగ వివక్ష దావాలో, న్యాయమూర్తి షిరా షైండ్లిన్ 2003, 2004 సంవత్సరాల్లో వరుసగా ఇచ్చిన ఉత్తర్వులు అక్కడి న్యాయవాదులకు పాఠ్యపుస్తకమంతటివి. ఈమెయిళ్లు చెరపవద్దని సంస్థ న్యాయవాదులు చెప్పారు. అయినా కొందరు ఉద్యోగులు చెరిపేశారు. వ్యతిరేకంగా ఊహించవచ్చునని జ్యూరీకి సూచన వెళ్లింది. 2005లో జ్యూరీ ఆమెకు సుమారు 2 కోట్ల 90 లక్షల డాలర్లు ఇవ్వాలంది. ఉంచమని ఒకసారి చెప్పి ఊరుకోవడం చాలదు, ఉంచుతున్నారో లేదో న్యాయవాది వెంటపడి చూసుకోవాలని 2004 జూలై ఉత్తర్వులో షైండ్లిన్ అన్నారు. మా తీర్పు వచ్చిన వారం రాత్రిపూట కూర్చుని ఆ ఉత్తర్వు చదివాను. వాళ్లు చెప్పీ చివాట్లు తిన్నారు. నేను చెప్పనే లేదు.

ఆ కఠినత్వానికి భయపడి పెద్ద కంపెనీలు పనికివచ్చేదీ రానిదీ కోట్ల ఖర్చుతో పోగుచేసుకోవడం మొదలుపెట్టడంతో, 2015 డిసెంబరు 1 నుంచి అక్కడి ఫెడరల్ సివిల్ నిబంధనల్లో ఎలక్ట్రానిక్ సమాచారం పోగొట్టుకోవడానికి సంబంధించిన 37(ఇ)ని తిరగరాశారు. దావా వస్తుందని తెలిసినప్పటి నుంచి తగిన జాగ్రత్త తీసుకోలేదా, పోయినది మరోచోట దొరకదా అన్నవి ముందు చూస్తారు. అవతలివారికి నష్టం జరిగితే ఆ నష్టాన్ని సరిదిద్దేంత మేరకే చర్య. వ్యతిరేకంగా ఉండేదని ఊహించడం, దావా కొట్టివేయడం వంటివి మాత్రం, అవతలివారికి దక్కకుండా చేయాలన్న ఉద్దేశం రుజువైతేనే. ఈ కొలత ప్రకారం చూస్తే, ఫోనును అమాయకంగా బావమరిదికిచ్చిన నా క్లయింటు మీద ఖర్చులు పడేవేమో గాని ఆ పేరా పడేది కాదు. మన చట్టంలోకి తెచ్చుకోదగిన మెట్లు ఇవేనని నా అభిప్రాయం. ఉద్దేశాన్ని ఎలా రుజువు చేస్తారన్నది అక్కడా ఇబ్బందే అనుకోండి. వీడియో గేముల సంస్థ ఎపిక్ గేమ్స్ గూగుల్ మీద వేసిన కేసులో, 24 గంటల్లో వాటంతటవే చెరిగిపోయే చాట్లను గూగుల్ ఆపకుండా ఉద్యోగుల ఇష్టానికి వదిలేసిందని న్యాయమూర్తి జేమ్స్ డొనాటో 2023లో తప్పుపట్టారు. అంతమంది న్యాయవాదులున్న సంస్థ పరిస్థితే అదైతే షీలానగర్ సంగతి చెప్పేదేముంది.

పోగొట్టుకోవడంలోనూ తేడాలుంటాయని విశాఖ న్యాయస్థానాలకు ఎవరూ నేర్పనక్కరలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటిన తరువాత, కంప్యూటర్లు తడిసిపోయాయని, ఫైళ్లు కొట్టుకుపోయాయని చెప్పిన ప్రతి కక్షిదారునూ న్యాయమూర్తులు నమ్మారు. వాళ్ల ఇళ్ల కిటికీలూ ఎగిరిపోయాయి కదా. ఆ తరువాత మూడు నాలుగేళ్ల పాటు, ఏ కాగితం కనబడకపోయినా హుద్‌హుద్‌లో పోయిందనడం మా న్యాయవాదుల బార్‌లో పరిహాసంగా మారింది. తుపాను వెళ్లిన ఏడాదికి కొన్న లాప్‌టాప్ కూడా హుద్‌హుద్‌లోనే పోయిందని ఒకాయన అఫిడవిట్ వేశాడు.

మరి కర్మాగారం వారి కెమెరా మాటేమిటని చదివినవారికి సందేహం వస్తుంది. ఆ దృశ్యాలు పోయినందుకు వాళ్ల మీద ఎందుకు ఊహించలేదు? ఎందుకంటే వాటిని ఉంచమని మేము అడగలేదు. నా నోటీసులో సొమ్ము ఉంది, వడ్డీ ఉంది, 15 రోజుల గడువు ఉంది, గేటు కెమెరా ప్రస్తావన లేదు. లోడు జరిగిన వారం లోపల ఆయన నా దగ్గరికి వచ్చినప్పుడే ఒక లేఖ పంపి ఉంటే, 15 రోజులకు పోతాయన్న మేనేజరు మాటకు విలువ ఉండేది కాదు. అవసరమైతే దావాతోపాటే, వాటిని భద్రపరచమని ఉత్తర్వూ అడిగి ఉండవచ్చు.

ఇప్పుడు నా ఆఫీసులో వకాల్తా మీద సంతకం పెట్టేముందు క్లయింటు చేతికి అరపేజీ తెలుగు కాగితం ఒకటి వెళుతుంది. ఫోను మార్చవద్దు, వాట్సాప్‌లో వాటంతటవే మాయమయ్యే మెసేజీల అమరికను ఆపండి, కెమెరా రికార్డరు డిస్కును విప్పి పక్కన పెట్టండి, లాగర్‌లోని లెక్కను ఈరోజే కంప్యూటరులోకి దించుకోండి అని అందులో ఉంటుంది. పదిహేను రోజులకొకసారి నా గుమాస్తా ఫోను చేసి అడుగుతాడు. దించుకున్న ఫైలుకు అక్కడే హ్యాష్ విలువ (ఫైలులో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తు) తీసి డైరీలో రాసుకుంటాము. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షను ధ్రువపత్రంలో ఆ విలువ ఎలాగూ రాయవలసిందే, దాన్ని నెలల తరువాత తీసేకంటే మొదటి రోజు తీయడం మేలు.

ఈ కాగితం మీద మొన్న ఒక కిరాణా హోల్‌సేలరు అడిగిన ప్రశ్నకు మాత్రం ఇంకా వాక్యం కుదరలేదు. ఆయన వ్యాపారం, ఇల్లు అన్నీ ఒకే ఫోనులో నడుస్తాయి. "లాయరు గారూ, మా ఆవిడతో దెబ్బలాడినవి కూడా ఉంచాలా ఏటండి?" అన్నాడు. వ్యాపారపు మాటలను మాత్రమే వేరుగా కాపీ తీసి ఉంచుకోవచ్చునని చెబితే, ఏది వ్యాపారపు మాటో ఎంచినవాడే నా క్లయింటని రేపు బోనులో అంటారు. అన్నీ ఉంచమంటే ఆయన ఉంచడు. ప్రస్తుతానికి ఆ ఫోనును మొత్తంగా ఒక డిస్కులోకి కాపీ తీయించి, కవరులో పెట్టి సీలు వేసి, నా బీరువాలో ఉంచాను; తాళం ఒకటి ఆయన దగ్గరే ఉంది.