ఆత్రేయపురంలో కుండ పక్కన

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి కోనసీమ వెళ్లాలంటే ముందు జేబుకు చిల్లు పడాల్సిందే. మామూలు రోజుల్లో 800 ఉండే ప్రైవేటు బస్సు టికెట్‌కు 2,400 కట్టాను, అదీ చివరి సీటుకి. రావులపాలెంలో తెల్లవారుజామున దిగేసరికి నడుము పట్టేసింది, ఆ మంట ఇంకా తగ్గలేదు. ఆకలేసి హైవే పక్కన ఒక కొట్లో పూతరేకుల పెట్టె కొన్నాను. కాగితం నమిలినట్టుంది, నెయ్యి వాసనే లేదు. నా స్నేహితురాలిది ఆ పక్క ఊరే. ఒకటి కొరికి పక్కన పెట్టేసి, "పద, పొయ్యి దగ్గరే తిందువుగానీ" అంది.

ఆత్రేయపురంలో ఆమెకు తెలిసినవాళ్ల ఇంటి వసారాలో కూర్చున్నాం. పొయ్యి మీద బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. జయ బియ్యం నానబెట్టి రుబ్బిన పిండి పాలకన్నా పలచగా ఉంది. ఆ ఇంటావిడ అందులో తెల్లటి గుడ్డ ముంచి, రెండు చేతులతో చాచి పట్టుకుని, కుండ మీద ఇలా లాగిందో లేదో, రేకు లేచిపోయింది. నేను రెప్ప వేసేలోపు ఆమె దాన్ని తీసి పక్కన పెట్టేసింది. అవతల గోడ రంగు కూడా కనిపించేంత పలచన.

"చెయ్యి కాలదా అండీ?"

"ఆయ్, అలవాటైపోయిందమ్మా. పండగ ఆర్డర్లు, భోగి దాకా లేవడానికి లేదు."

కళ్లల్లో పొగ. చీర కొంగుతో ఒకసారి తుడుచుకుని మళ్లీ గుడ్డ ముంచింది. 2023లో ఈ పూతరేకులకు జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరుతో వచ్చిన ఆ గుర్తింపు నాకైతే ఈ చేతులదే అనిపించింది.

మాది కరీంనగర్ వైపు. మాకు సంక్రాంతంటే సకినాలు. అమ్మ, పెద్దమ్మ, పక్కింటివాళ్లు నేల మీద గుడ్డ పరిచి, నువ్వులూ వామూ కలిపిన తడి బియ్యప్పిండిని వేళ్లతో మెలితిప్పుతూ చుట్లు చుట్టేవాళ్లు. నేను గుడ్డ తొక్కితే అరుపులే. ఇక్కడా అదే బియ్యం, అదే తెల్లగుడ్డ. అక్కడ కారం నంజుకుని కరకరలాడిస్తాం, ఇక్కడ నోట్లో పెట్టుకోగానే మాయం.

లోపలి గదిలో ఇద్దరు రేకుల్ని తడిబట్టతో మెత్తబరిచి, నెయ్యి రాసి, బెల్లం పొడి చల్లి మడతలు పెడుతున్నారు. పది పూతరేకులు 300. బేరమాడడానికి నోరు రాలేదు, రెండు పెట్టెలు తీసుకున్నా.

వచ్చేముందు ఆమె కుండ మీంచి తీసిన ఉత్త రేకు ఒకటి నా అరచేతిలో పెట్టింది. నెయ్యి లేదు, తీపి లేదు, వెచ్చగా ఉంది. నాలుక మీద కరిగాక మిగిలింది కొత్త బియ్యం వాసన. అమ్మ సకినాల పిండి జల్లించిన రోజు మా ఇంట్లో వచ్చే వాసన.